ఆకు కాల్చని చెరుకు

మొన్న నిజామాబాద్‌లో కిరాణా సామాన్లు తీసుకుంటుంటే ఒక చక్కెర పొట్లం మీద ఆకుపచ్చ అచ్చు కనబడింది. ‘నేలతల్లికి మేలు చేసే తీపి’ అని. కింద కంపెనీ పేరు చదవగానే పాత కోపం లేచింది. పొట్లం అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి చాయ్‌లో బెల్లం వేసుకున్నాను. పాలు విరిగిపోయాయి. దానికి కూడా ఆ కంపెనీనే తిట్టుకున్నాను.

మా మేనత్తది బోధన్ వైపు, నిజాంసాగర్ కాలువ కింద ఒక పల్లె. పెళ్ళయిన పదేళ్ళకే మామ పోతే రెండెకరాల చెరుకు తనే చూసుకుంది. ఆమె కొడవలి కంటే నోరు పదునని ఊళ్ళో పేరు. చెరుకు కొట్టాక మిగిలిన ఎండాకును సాళ్ళ మధ్య పరిచేది. "నేలకు దుప్పటి కప్పుతున్న బిడ్డా. ఎండల నీ నెత్తి మీదికి కొంగు గావాలె, దానికి గావద్దా?" అనేది. ఆకు ఎత్తి చూస్తే కింద మన్ను నల్లగా, చల్లగా, వానపాములతో కదులుతుండేది. తడిసిన గోనెసంచి వాసన వచ్చేది. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ మట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. అప్పట్లో ఆ చుట్టుపక్కల చిన్నాపెద్దా మూడు మిల్లులుండేవి, ఊరి చివర ఒక బెల్లం బట్టీ. ఒకరు కాదంటే ఇంకొకరు కొనేవారు.

తర్వాత ఒక పెద్ద కంపెనీ వచ్చి మూడు మిల్లులూ కొనేసింది. రెండింటికి తాళం వేసింది. బట్టీ జాగా కూడా కొని కంచె కట్టింది. అన్ని ఊళ్ళ చెరుకూ ఒకే గేటు ముందుకొచ్చింది. కోతకు వచ్చే మరాఠీ కూలీల ముఠాలు చాలలేదు. పని తొందరగా తెమలాలని, నిలబడ్డ తోటకే నిప్పు పెట్టి ఆకు కాల్చమన్నారు. కాల్చినవాళ్ళకే ముందు కటింగ్ ఆర్డర్, అంటే చెరుకు కోసి మిల్లుకు తోలుకోమని కంపెనీ ఇచ్చే చీటీ. పక్క చేల రైతులందరూ కాల్చారు. పాపం, వాళ్ళననేదేముంది? అత్త మాత్రం కాల్చలేదు. ఆర్డర్ రాలేదు. ఎండలు ముదిరి గడలు బెండుబారుతుంటే గేటు చుట్టూ తిరిగింది. అక్కడ కూర్చున్న ఉద్యోగి తల కూడా ఎత్తకుండా, "జెప్పిన గదా అవ్వా! నీ ఇంట్ల అగ్గిపెట్టె లేదా?" అన్నాడు. ఆ ఏడు తోటలో సగం బర్రెలకే పోయింది.

మరుసటేడు ఆ ఉద్యోగే ఆమె వాకిట్లోకి వచ్చాడు. చక్కెర కొనే విదేశీయులు నేలను కాపాడే తోట చూడాలంటున్నారట. ఊరంతటికీ అలాంటిది అత్తదొక్కటే మిగిలింది. "కొత్త చీర కట్టుకో అవ్వా, ఫోటోలు దీస్తరు" అన్నాడు. కట్టుకుంది కూడా. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. తెల్ల కార్లు దిగాయి. ఒక విదేశీ మహిళ మన్ను చేతిలోకి తీసుకుని వాసన చూసి మురిసిపోయింది. మేనేజరు ఇంగ్లీషులో, ఈ పద్ధతి మా కంపెనీయే రైతులకు నేర్పిందన్నాడు. నేను ఆ మాట అత్త చెవిలో వేశాను.

అత్త ఆ మహిళ మణికట్టు పట్టుకుని గట్టు దాటించింది. పక్కవాళ్ళ కాలిన చేలోంచి గుప్పెడు బూడిద తీసి ఆమె అరచేతిలో పోసింది. "వీండ్లు నేర్పింది గిదీ! నాది మా అవ్వ నేర్పింది. జెప్పు బిడ్డా, గామెకు జెప్పు!" అని అరిచింది. చెప్పాను. వ్యాకరణం తప్పింది గానీ ఒక్క మాట కూడా వదల్లేదు. ఆ మహిళ మేనేజరు వైపు చూసింది, బూడిద వైపు చూసింది. చేతిరుమాలుతో చెయ్యి తుడుచుకుని కారెక్కింది. అంతే. వాళ్ళకేమీ కాలేదు. అత్త పేరు మాత్రం కంపెనీ కొనే చెరుకు రైతుల జాబితాలోంచి పోయింది.

ఆమె చెరుకు మోళ్ళు పెకలించి మక్కజొన్న వేసింది. గడ్డపార దించిన ప్రతిసారీ ఒక తిట్టు తిట్టింది. ఏడుస్తుందేమో, ఓదారుద్దామని వెళ్ళిన నేను గట్టు మీద కూర్చుని ఆ తిట్లు లెక్కపెట్టాను. పక్క చేలల్లో ఇప్పుడు చెరుకు నడుమెత్తు దాటడం లేదు. నీళ్ళు పెట్టిన మర్నాటికే నేల పగుళ్ళిస్తుంది. వానపాము కనబడి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. ఆ నేల పాడవడానికి పదేళ్ళు కూడా పట్టలేదు. మళ్ళీ బాగుపడడానికి ఎన్నేళ్ళు కావాలో అడుగుదామంటే, చెప్పగలిగిన మనిషి పోయింది.