మాయమైన ఇరవై టన్నులు

పోయిన సోమవారం మా పక్కింటి లెక్కల సార్ కన్నుమూశారు. కబురు విని వెళ్లాను. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క కనిపించింది. పాలాయన 1.50 అని రాసిన చోటల్లా చివరి సున్నాను సార్ ఎర్రపెన్నుతో కొట్టేశారు.

"ఉత్తగ కూసునే సున్నకు జాగ ఎందుకియ్యాలె?" అనేవారు.

నిజామాబాద్‌లో రిటైరై బోధన్ వచ్చాక, ఫోన్‌లో వీడియోలు చూసి రెజెక్స్ నేర్చుకున్నారు. వెతకాల్సినదాని తీరును గుర్తులతో రాసిస్తే కంప్యూటర్ అలాంటివన్నీ ఒక్కసారే మార్చేస్తుంది. ఆ తర్వాత మా వీధిలో ఎవరి అంకెలకూ భద్రత లేకుండా పోయింది.

నేను చెరుకు కాంటాలో రోజు లెక్కలు కంప్యూటర్‌లో రాస్తాను. తూకం ఒకసారి 20 అనీ, ఒకసారి 20.00 అనీ ఎక్కుతుంది. ఒకరోజు కాంటాకు వచ్చి అది చూసి సార్ నిజంగానే బాధపడ్డారు.

"జరుగు తమ్మీ," అని నా కుర్చీలో కూర్చుని, అంకె చివర చుక్క, దాని వెనక సున్నాలు ఉంటే తీసెయ్యమని రెజెక్స్‌లో రాశారు. 20.00 కాస్తా 20 అయింది.

"చూసినవా, గడ్డం గీకినట్టు!"

ప్రింటు తీసి గోడకు అంటించాను. తెల్లారి ఎడపల్లి రైతు ఒకాయన వచ్చి చూస్తే, తన పేరు ఎదుట ఏమీ లేదు. ఆయన అరెకరం పంటంతా ఆ ఒక్క బండే.

"ఇరవై టన్నులు తెచ్చిన గదనే! మీ కాంటా చెరుకు నమిలి, పిప్పి గూడ మింగిందా?" అని నా మీదికొచ్చాడు.

సార్‌కు ఫోన్ చేశాను. ఆయన కంగారులో ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని వచ్చారు. ముందే తీసిపెట్టిన నకలు తెరిస్తే, ఆ బండి తూకం చుక్క లేకుండా 20 అని ఉంది.

"ఈయనను ఏమనకు పటేలా, తప్పు నాది. రెజెక్స్‌ల ఉత్త చుక్క పెడితే ఏ గుర్తయినా సరే అని అర్థం. నీ ఇరవైల రెండును గూడ చుక్క కింద జమకట్టి, సున్నతో సహా ఎత్కపోయింది. చుక్క ముంగట వాలుగీత పెడితెనే అది అసలు చుక్క. నేను గీత మరిచిన."

"ఒక్క గీత మరిస్తే బండెడు చెరుకు మాయమైతదా సార్! మా ఊరి మంత్రగానికి గూడ గింత చాతగాదు."

సార్ గీత పెట్టి, నకలు మీద మళ్లీ నడిపారు. ఇరవై నిలిచింది. కొత్త ప్రింటు తనే అంటించారు. ఆ రోజు నా నౌకరీ నిలిపింది ఆయనే.

రైతు మాత్రం కదల్లేదు. "నాకు గూడ నేర్పు సార్. మల్ల మాయమైతే నేనే పట్టుకుంట."

సార్ బయటికి నడిచి, ట్రాలీ వెనక పేరుకున్న దుమ్ములో వేలితో వాలుగీత గీసి, పక్కన చుక్క పెట్టారు. రైతు మోకాళ్ల మీద చేతులానించి వంగి చూశాడు. తర్వాత ట్రాక్టర్ కదిలింది. దుమ్ములోని ఆ గీత, చుక్క ఎడపల్లి మలుపు తిరిగేదాకా, సార్ వేలు గాల్లోనే ఉంది.