రాహుకాలం దాటాక ఎక్కించిన మందు

ఏడేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. కాగితం మీద అది ఒక టైము, అంతే. నాకు మాత్రం దాన్ని తలుచుకోకుండా అన్నం దిగిన రోజు లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను.

నేను పిల్లల వార్డులో నర్సుని. అప్పటికింకా ఊరి పేరు పాండిచ్చేరే. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఎర్రటి మందొకటి ఎక్కించేవాళ్ళం. అది రోగాన్ని చంపుతుంది, గుండెనూ దెబ్బతీస్తుంది. అందుకని ముందుగా గుండెను కాపాడే ఇంజెక్షన్ ఇచ్చి, అరగంటలోపే ఎర్రమందు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే కాపుదల ఉండదు. కొత్త నర్సులకు ఈ సంగతి నేర్పిందే నేను.

రెడ్డియార్‌పాళయం నుంచి సౌమ్య అనే ఆరేళ్ళ పిల్ల వచ్చేది. మా లాగే తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆ శుక్రవారం పదింబావుకి కాపుదల ఇంజెక్షన్ ఇచ్చాను. ఎర్రమందు పట్టుకొచ్చేసరికి పదిన్నర దాటింది. వాళ్ళ అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏంది పాపా, రాహుకాలంలో పెడతావా? పన్నెండు కానీ."

"లేదవ్వా, ఇప్పుడే ఎక్కించాల. డాక్టరు ఊరుకోడు."

"డాక్టరు యాడుండాడు? వచ్చి చూసి పాయె. నువ్వు మన బిడ్డవి గదా, నీకు తెలీదా?"

తెలుసు. అదే నా ఖర్మ. పెద్దావిడ మాట కాదనలేకపోయానని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఒట్టి మాట. ఆవిడ నోరు తెరవకముందే నా చూపు గోడ గడియారం మీదకు పోయింది. రాహుకాలంలో గాజులు కూడా కొననిదాన్ని. మరి చదివిన చదువంతా ఏ గంగలో కలిసింది? పిల్లకు ఏమైనా అయితే, రాహుకాలంలో పెట్టిందన్న మాట నా మీదకు వస్తుందని భయపడ్డాను. పిల్ల గుండె కంటే నాకు నా పేరే ఎక్కువైంది.

పన్నెండు దాటాక ఎక్కించాను. కేసు షీటులో పదీ నలభై అని రాశాను. అప్పుడైనా డాక్టరుకి చెప్పి ఉంటే ఏం చెయ్యాలో ఆయన చూసుకునేవాడు. చెప్పలేదు. ఆ టైము పక్కన సంతకం కూడా పెట్టాను, ఛీ!

సౌమ్యకు జబ్బు నయమైంది. రెండు జడలు వేసుకుని బడికి పోతోంది. కానీ పోయిన నెల స్కానులో గుండె బలం కాస్త తగ్గిందని తేలింది. డాక్టరు పాత ఫైలు తిరగేసి, కాపుదల ప్రతిసారీ సరిగ్గానే అందిందే అని తల పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ ఒక్క రోజు వల్లేనా? ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేరన్న ఆ మాట వెనకాల దాక్కోవాలనీ అనిపించింది. ఇంతలో వాళ్ళమ్మ "పిల్ల బతికిందంటే నీ చలవే అక్కా" అంది.

అది భరించలేకపోయాను. మర్నాడే డాక్టరు గదిలోకి వెళ్ళి నిజం చెప్పేశాను. ఆయన అప్పటికప్పుడే ఫైలు సరిదిద్దించాడు. నా ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేలుస్తారు. తేల్చనీ.

ఇక సౌమ్య వాళ్ళ ఇల్లు మిగిలింది. ఇదంతా రాసి, వాళ్ళ చేతికిచ్చి వచ్చేద్దామనుకున్నాను. అంతలోనే సిగ్గేసింది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడతారే గానీ, బడి చదువులన్నీ తమిళంలోనే కాబట్టి తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. అది తెలిసే తెలుగులో రాయబోయాను!

ఈ ఆదివారం నేనే వెళ్తున్నాను. అవ్వ మీదకు నెట్టను. క్షమించమని అడగను. మీతో చెప్పినట్టే అక్కడా చెబుతాను. తిట్టనీ, తలుపేసుకోనీ. పెద్దవాళ్ళను పక్కకు పిలిచి మాత్రం చెప్పను, సౌమ్యను ఎదురుగా కూర్చోబెట్టుకునే చెబుతాను. గుండె దానిది.