ఉప్పు లేని ఆదివారాలు

ఆదివారం పూట మా వంటింట్లో అమ్మకు పనుండేది కాదు. పొయ్యి దగ్గర నాన్న, కత్తిపీట దగ్గర మామయ్య, కాసేపటికి చోట్లు మారేవాళ్లు. మామయ్యంటే అమ్మకు తోడబుట్టినవాడు కాదు, నాన్న స్నేహితుడు. అమ్మను చెల్లె అని పిలుస్తాడు కాబట్టి మాకు మామయ్య అయ్యాడు. పెళ్లిళ్లు కాకముందు ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కిరాయి గదిలో ఉండి, ఒకే కిరసనాయిలు స్టవ్వు మీద వండుకు తిన్నారు. నాన్నది కృష్ణా జిల్లా, ఆయనది తుర్కయంజాల్‌లో రైతు కుటుంబం. ఎవరి వంట గొప్పదన్న తగవు ఆ గదిలో మొదలై, ఇద్దరూ సంసారులైనా తెమల్లేదు.

మేము ఎల్బీనగర్ దాటాక కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఇల్లంటే పేరుకే. చుట్టూ హద్దురాళ్లు, కంకర కుప్పలు, ఎర్రమట్టి. మా గోడలకింకా సున్నమైనా పడలేదు. అయినా ఆదివారం పొద్దెక్కేసరికి మామయ్య స్కూటరు చప్పుడు వినిపించేది. ముందు సంచిలో మటన్, వెనక సీటు మీద అత్తయ్య, ఆమె ఒళ్లో సర్వపిండి డబ్బా. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున ఒత్తి కాల్చేది ఆమె. కరకరలాడే అంచుల కోసం నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం. మామయ్య మసాలా దినుసుల బగారా అన్నం దింపితే, ఆ వాసనకు నాలుగు ప్లాట్ల అవతల పునాదులు తవ్వేవాళ్లు తలెత్తి చూసేవారు. నాన్న మాత్రం దోసకాయ పప్పు లేకుండా పంక్తి వెయ్యనిచ్చేవాడు కాదు. "గీ పప్పు లేకపోతే మీకు ముద్ద దిగదా రా" అంటూనే మామయ్య మారు వడ్డించుకునేవాడు.

ఒక ఎండాకాలం మామయ్య ఆఫీసులో కళ్లు తిరిగి పడిపోయాడు. దవాఖానలో చూసి బీపీ బాగా ఎక్కువుందన్నారు, ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నారు. ఆ ఆదివారం స్కూటరు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. నాన్న వెళ్లి అడిగాడు.

"నేనొస్తే మీ నోళ్లు గూడ కట్టేసినట్టయితది. పిల్లలు చప్పిడి కూడు తింటరా? ఇడ్సిపెట్టు రా" అన్నాడట.

నాన్న ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఆయన్ను అంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు. వాళ్లిద్దరికీ ఊరికే కూర్చుని మాట్లాడుకోవడం రాదు. ఉల్లిపాయలు తరుగుతూనో, మసాలా నూరుతూనో ఉంటేనే మాటలొస్తాయి. కలిసి తినడం ఆగితే నెమ్మదిగా స్నేహమే ఆగిపోతుందని నాన్నకు భయం పట్టుకుంది.

నాలుగు రోజులు ఆలోచించి ఒక పథకం వేశాడు. నీకు వేరే గిన్నెలో చప్పిడిగా వండుతాం, మేము ఎప్పట్లాగే తింటాం అని చెప్పి మామయ్యను రప్పించాలి. కానీ ఏ గిన్నెలోనూ ఉప్పు రవ్వ పడకూడదు.

"నిజంగానే వేరేగా వండితే పోయేదానికి, ఇదేం విడ్డూరమండీ" అంది అమ్మ. నాన్న వినలేదు. మొహం చిట్లించకుండా, లొట్టలు వేస్తూ తినాలని మాకు ఆజ్ఞ. మామయ్యకు తెలిసిందో, మళ్లీ మన గడప తొక్కడని బెదిరింపు. అత్తయ్య కూడా ఈ కుట్రలో చేరింది.

మామయ్య వచ్చాడు. ఆయన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, తరగడం వరకే. ఉప్పు లేని మటన్ ఎట్లా ఉంటుందంటే, కారం చెవుల దాకా మండుతుంది, రుచి మాత్రం ఊళ్లోనే ఉండదు. తమ్ముడు అడక్కుండానే "బ్రహ్మాండంగా ఉంది" అని మాటిమాటికీ అంటుంటే అమ్మ వాడి తొడ గిల్లింది. తర్వాతి వారాల్లో నాన్న నిమ్మకాయ, చింతచిగురు, పుల్లమామిడి అన్నీ ప్రయోగించాడు. ఇప్పటికీ పెళ్లిభోజనాల్లో కూర చప్పగా ఉందని అందరూ విసుక్కుంటుంటే, నాకు ఆ వంటిల్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

వానలు మొదలైన ఒక ఆదివారం, నాన్న మంచినీళ్ల కోసం లోపలికి లేచాడు. నా పక్కన కూర్చున్న మామయ్య అటూ ఇటూ చూసి, గభాలున నా పళ్లెంలోంచి ఒక ముక్క, ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని నాకు కన్ను కొట్టాడు. ఆయన కళ్లు మూసుకుని నమిలాడు. నమిలి, ఆగాడు. కళ్లు తెరిచి తమ్ముడి పళ్లెంలో వేలు ముంచి నాకాడు. తర్వాత అమ్మ పళ్లెం వైపు చూశాడు. అమ్మ తల దించుకుంది.

నాన్న చెంబుతో వచ్చి నిలబడిపోయాడు.

"ఎప్పటిసంది రా?" అన్నాడు మామయ్య.

"మొదటి వారం నుంచీ."

"నాది వేరే గిన్నె అంటివి గద. నిజంగనే వేరే వండొచ్చు గద రా."

"వండొచ్చు. నీ చెయ్యి ఊరుకోదని నాకు తెలియదా?"

మామయ్య నవ్వబోయి ఎడంచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అంతటి మనిషి అట్లా అయిపోతే నాకూ ఏడుపొచ్చింది. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చాడు. నా పళ్లెంలో వేశాడు, తమ్ముడి పళ్లెంలో వేశాడు. "కలుపుకొని తినుండ్రి బిడ్డా" అని అమ్మకూ అత్తయ్యకూ వేశాడు. నాన్న దగ్గరికి వచ్చేసరికి, అప్పటికే కూర్చున్న నాన్న తన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దురా. నాకు ఇదే అలవాటైపోయింది."

అది పచ్చి అబద్ధమని తమ్ముడికి కూడా తెలుసు. మామయ్య చేతిలోని ఉప్పు తిరిగి డబ్బాలో పోసేసి, నాన్న పక్కన చేరి, తన పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

"వచ్చే ఐతారం పొయ్యి కాడ నేనే కూసుంట" అన్నాడు. "నీ చేతిల పడి మటన్ ఖరాబైతది."