నేను లేకుండా సహస్ర

ఈ మాట ఎవరికైనా చెప్పాలని ఏళ్లుగా అనుకుంటున్నాను. చెప్పుకోవడానికి మనుషులు దొరకలేదంటే అబద్ధమవుతుంది. ఉన్నారు. కానీ చెప్పాక వాళ్లు నన్ను చూసే చూపు మారుతుంది, ఆ మారిన చూపును రోజూ భరించే ఓపిక నాకు లేదు. మీరు నన్ను రోజూ చూడరు. అందుకే మీకు చెబుతున్నాను. ఇలాంటివాటిని అందరూ బరువు అంటారు. నాకు మాత్రం అలసటలా ఉంటుంది. ఏ పనీ లేని ఆదివారం కూడా సాయంత్రమయ్యేసరికి ఒళ్లంతా పులిసినట్టు ఉంటుంది. ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

సిద్దిపేట వైపు ఒక ఊరు మాది. బి.ఇడి. అయ్యాక ప్రభుత్వ ఉద్యోగానికి చదువుకుందామని అశోక్ నగర్ వచ్చి హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. ఇంటి నుంచి వచ్చే డబ్బు చాలదు కాబట్టి చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో షాడో టీచరుగా కుదిరాను. అంటే తరగతికంతా చెప్పే టీచరును కాను. ప్రత్యేక అవసరాలున్న ఒక్క పిల్ల పక్కన కూర్చుని, ఆ పిల్లకు పాఠం అందేలా, బడి అలవాటయ్యేలా చూసుకోవడం నా పని. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి లైబ్రరీ.

ఆ పిల్ల పేరు సహస్ర. నేను చేరేనాటికి మూడో తరగతి. మాటలు వచ్చు గానీ, కావాల్సిన మాట కావాల్సినప్పుడు నోటికి రాదు. బెల్లు మోగితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలియకపోతే ఏడుపు. నేను ఒక అట్టముక్క మీద ఆ రోజు పీరియడ్లన్నీ వరుసగా బొమ్మలు గీసి ఇచ్చేదాన్ని. భోజనాల వేళ పిల్లలందరి టిఫిన్ డబ్బాలు తీసి, స్టీలువి ఒకవైపు, ప్లాస్టిక్‌వి ఒకవైపు పేర్చేది. పిల్లలు మొదట విసుక్కున్నారు. తర్వాత వాళ్లే తెచ్చి చేతికి ఇవ్వడం మొదలుపెట్టారు.

వాళ్లమ్మ రజితక్క ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో పనిచేసేది. నాన్నకు చిక్కడపల్లిలోనే ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. రజితక్క బడిలో నన్ను మేడం అనేది, ఇంట్లో చెల్లె అనేది.

ఆ బడి ఐదో తరగతి వరకే. ఆ తర్వాత నారాయణగూడలో పెద్ద హైస్కూల్లో చేర్పించాలని అనుకున్నారు. అక్కడ సబ్జెక్టుకొక టీచరు. గదులు మారాలి. జనం ఎక్కువ. ఇలాంటి పిల్లలకు ఏటా విడిగా ఒక ప్లాన్ రాస్తారు, ఈ ఏడాది ఏం నేర్పాలి, ఎంత సాయం చేయాలి అని. ఐదో తరగతి ప్లాన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం నేను దూరం జరగడం. ముందు సహస్ర పక్క నుంచి చివరి బెంచీకి. అక్కడి నుంచి వరండాలోకి. ఆ తర్వాత అసలు కంటికి కనిపించకుండా. మా పెద్దమేడం నవ్వుతూ అన్నది, "ఈ ఏడు నీ పనేందంటే, మెల్లమెల్లగ నీ పనే లేకుంట చేసుకునుడు."

చేశాను. ఇది నిజం. అప్పుడు మనస్ఫూర్తిగానే చేశాను. దసరా సెలవుల తర్వాత చివరి బెంచీకి వెళ్లాను. చలి తగ్గేసరికి వరండాలోకి వచ్చాను. ఒకరోజు కిటికీ పక్కన నిలబడి చూస్తున్నాను. బెల్లు మోగింది. సహస్ర రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. ఆగింది. చేతులు దించింది. అట్టముక్క చూసుకుని సంచిలోంచి లెక్కల పుస్తకం తీసింది. పక్కనున్న పిల్ల ఏదో అడిగితే రబ్బరు ఇచ్చింది. కిటికీ వైపు చూడలేదు.

నా కోసం చూడలేదు.

సంతోషించాను. నమ్మండి, నిజంగానే సంతోషించాను. ఆ సంతోషం కింద ఏదో చల్లగా జారింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

ఆ వారంలోనే నేను రాసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మళ్లీ నా పేరు లేదు. నా గదిలోనే ఉండే అమ్మాయికి వచ్చింది. పెట్టె సర్దుకుని, బకెట్టూ మగ్గూ నాకే ఇచ్చి వెళ్లిపోయింది. ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు. కోప్పడలేదు. "ఇంకెన్ని రోజులు బిడ్డా" అని మాత్రం అన్నాడు. అశోక్ నగర్‌లో ఏ టీ బండి దగ్గర నిలబడినా నాలాంటివాళ్లే వందమంది. ఎవరు ఉన్నా ఎవరు పోయినా ఆ వీధికి ఏమీ తేడా రాదు. ఈ ఊళ్లో నేను రాకపోతే వెతుక్కునే చోటు ఒక్కటే ఉండేది, అది ఆ పిల్ల పక్కన బెంచీ మీద. అది కూడా నా చేతులతో నేనే ఖాళీ చేస్తున్నాను.

జీతం కోసం చేశానా? జీతం కూడా ఉంది. హాస్టల్ కిరాయి దాంట్లోంచే కట్టేదాన్ని. కానీ ఇదంతా జీతం కోసమే అని చెబితే అది ఇంకో అబద్ధం, కొంచెం శుభ్రమైన అబద్ధం. అలాంటి పని ఇంకో బడిలో దొరికేది.

ఏం చేశానో చెప్తాను. వరండాలో ఎండ కొడుతోందని చెప్పి చివరి బెంచీకి వచ్చాను. నాలుగు రోజులకు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి కదా అని నాకు నేనే చెప్పుకుని పక్కకు వచ్చాను. ఆ పిల్ల చెయ్యి చాపకముందే పెన్సిల్ అందించాను. మాట వెతుక్కుంటుంటే ఆగకుండా ఆ మాట నేనే అన్నాను. బెల్లు మోగే ముందే చెవుల మీద నా చేతులు పెట్టాను. ఎవరు చూసినా ఎంత ప్రేమ అనుకునేవాళ్లు. ఆరు నెలలు కష్టపడి నేర్పింది రెండు మూడు వారాల్లో పోయింది. పుస్తకం తీయాలన్నా సహస్ర ముందు నా ముఖం చూడటం మొదలుపెట్టింది. అలా చూసినప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. అన్నిటికన్నా నాకు సిగ్గు అనిపించేది ఆ హాయి గుర్తొచ్చినప్పుడే.

పెద్దమేడం అప్పుడు మోకాలి ఆపరేషన్‌కు సెలవులో ఉన్నది. ఉంటే పట్టుకునేది.

హైస్కూలు నుంచి ఇలాంటి పిల్లల సంగతి చూసుకునే మేడం ఒకరోజు సహస్రను చూడటానికి వచ్చింది. గంటసేపు తరగతిలో కూర్చుంది. ఆ గంటలో సహస్ర నా వైపు ఎన్నిసార్లు తిరిగిందో ఆమె చూసింది, నేనూ చూశాను. తర్వాత నన్ను వరండాలోకి పిలిచింది.

"మీరు పక్కన లేకుంటే ఒక పూట ఉండగలదా?"

కిటికీలోంచి సహస్ర కనిపిస్తోంది. రాసుకుంటోంది. నేను పక్కన లేను. అయినా రాసుకుంటోంది.

"ఉండలేదు మేడం," అన్నాను.

"మీరు వరండాల కూసుంటున్నరని ప్లాన్‌ల ఉన్నదికదా?"

"ట్రై చేసినం మేడం. అయితలేదు. నేను కనపడకుంటే బల్ల కిందికి పోతది."

"ఇప్పటికి కూడా?"

"ఇప్పటికి కూడా."

ఆమె కాసేపు నన్నే చూసింది. అనుమానంతో కాదు, ఆలోచిస్తూ. "సరే. పిల్లతోని ఉండేది మీరు. మీరు చెప్పిందే నమ్మాలె," అన్నది.

నేను ఊహించుకున్నది వేరు. ఇంత అవసరమైతే నన్ను కూడా పిల్లతో పాటు రమ్మంటారనుకున్నాను. ఇంకో రెండేళ్లో మూడేళ్లో అలా గడిచిపోతుంది, ఈలోగా నాకూ ఉద్యోగం వస్తుంది, అప్పుడు నెమ్మదిగా దూరం జరగొచ్చు. పిల్లకు నష్టమేముంది? ఇలా లెక్కవేసుకున్నాను. అందులో పిల్ల తప్ప అన్నీ ఉన్నాయి.

ఎండాకాలం మొదట్లో రజితక్క ఫోన్ చేసింది. నేను లైబ్రరీ నుంచి హాస్టల్‌కు నడుస్తున్నాను.

"సీటు ఇయ్యరంట చెల్లె," అన్నది. "పెద్ద క్లాసులల్ల బయటోళ్లను కూసోనియ్యరంట. ఒక్కతే ఉండుడు నేర్సుకున్నంక తీస్కరమ్మన్నరు." మళ్లీ తనే, "పరేషాన్ కాకు చెల్లె. నువ్వు చేసేది నువ్వు చేసినవ్," అన్నది.

ఆమె నన్ను ఓదార్చింది.

అక్కడి నుంచి ఆ హైస్కూలు ఎంత దూరం? నడిచి వెళ్లేంత. వెళ్లి "మేడం, నేను తప్పు చెప్పిన, పిల్ల ఉంటది, నన్ను తీసేసి ఒక వారం చూడండి" అంటే సరిపోయేది. వెళ్లలేదు. ఆ రోజు వెళ్లలేదు, మరునాడూ వెళ్లలేదు. వేరే బడి దొరుకుతుందిలే అనుకున్నాను. గాంధీనగర్‌లో అడిగారు, విద్యానగర్‌లో అడిగారు. ఒకచోట సీట్లు అయిపోయాయన్నారు. ఇంకోచోట పిల్లను చూసి, మళ్లీ ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు.

జూన్ వచ్చింది. తోటి పిల్లలు కొత్త యూనిఫారాలు వేసుకుని వెళ్లారు. సహస్ర పాత యూనిఫారం వేసుకుని, సంచి తగిలించుకుని పొద్దున్నే గుమ్మంలో నిలబడేది. రజితక్క క్లినిక్‌లో పని మానేసింది. నన్ను ఇంటికి వచ్చి చదువు చెప్పమని అడిగింది.

నేను కోరుకున్నది అదే కదా. ఆ ఇంట్లో నాకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం టీ. నేను ఒక గంట ఆలస్యమైతే ఫోన్ వచ్చేది. నా కోసం ఇంతగా ఎవరూ ఎప్పుడూ ఎదురుచూడలేదు. పాఠం మొదలుపెట్టే ముందు సహస్ర గోడ వైపు తిరిగి ఐదో తరగతి హాజరు పిలిచేది. పిల్లలందరి పేర్లూ వరుస తప్పకుండా. తన పేరు వచ్చినప్పుడు ఆగి, "ఎస్ మేడం" అని, మళ్లీ మిగతా పేర్లు. నేను పుస్తకం తెరిచి పట్టుకుని అది అయ్యేదాకా కూర్చునేదాన్ని. రోజూ. మొదట్లో ఆపాలని చూశాను. ఆపితే ఏడ్చింది. కొన్ని నెలలకు దానంతట అదే ఆగిపోయింది. ఆగిపోయిన రోజు ఇంకా భయమేసింది.

తర్వాతి ఏడాది కరోనా వచ్చి బడులన్నీ మూసేశారు. అందరి పిల్లలూ ఇంట్లోనే ఉన్నారు. మీతో నిజం చెప్పాలి, అప్పుడు నాకు కొంచెం నిమ్మళంగా ఉండింది. చూడు, ఎలాగైనా ఇంట్లోనే ఉండేది కదా అనుకున్నాను. బడులు మళ్లీ తెరిచాక ఆ మాట కూడా పనికిరాకుండా పోయింది.

నాకు జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది, వేరే జిల్లాలో. వెళ్లే రోజు రజితక్క చీర పెట్టింది. నా చేతులు పట్టుకుని, "నువ్వు లేకుంటే మా పిల్ల ఏమైపోవునో" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ చీర వద్దనలేదు. ఉద్యోగంలో చేరిన రోజు అదే కట్టుకున్నాను.

నేను వెళ్లాక సహస్రను విద్యానగర్‌లో ఒక సెంటర్‌లో చేర్చారట. ఆరేళ్ల పిల్లలూ ఇరవయ్యేళ్ల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని పూసలు గుచ్చేవాళ్లట. కొంతకాలానికి అదీ మానిపించారు.

పోయిన ఏడాది నాకు హైదరాబాదుకు బదిలీ అయింది. గత నెల చిక్కడపల్లి వెళ్లాను. ఈసారి చెప్పేద్దామనే వెళ్లాను. మెట్రోలో కూర్చుని మాటలు కూడా కూర్చుకున్నాను. రజితక్క జుట్టు సగం తెల్లబడింది. సహస్ర నాకన్నా పొడుగైంది. పదహారేళ్లు. నన్ను గుర్తుపట్టింది. "అక్క" అంది, అంతే. రజితక్క ఇరవై రూపాయలు ఇచ్చి పెరుగు ప్యాకెట్ తెమ్మంటే చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

"ఒక్కతే పోతదా అక్కా?" అన్నాను.

"పోతది. ఈ గల్లీల దుకాణమేగదా. పోతది, తెస్తది, చిల్లర అడిగి తీస్కుంటది." రజితక్క నా ముందు టీ పెట్టి కూర్చుంది. "ఎప్పుడో పోవునేమో చెల్లె. మేమే భయపడి ఒక్కదాన్ని ఇడువకపోతిమి. ఆ బడోళ్లు అడిగిననాడు జర గట్టిగ నిలబడి, ఉంటది మా పిల్ల, సూడుండ్రి అంటే తీస్కుందురేమో. నేను అనలే. నాకే నమ్మకం లేకుండె. తప్పు నాదే."

చెప్పాల్సిన చోటు అదే. అంతకన్నా మంచి చోటు ఎప్పటికీ దొరకదు.

"అట్ల అనకక్కా," అన్నాను.

అంతే అన్నాను. ఆమెకు అది ఓదార్పులా వినిపించి ఉంటుంది. టీ తాగాను. సహస్ర పెరుగు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి, చిల్లర వాళ్లమ్మ చేతిలో పోసి, లోపలి గదిలోకి వెళ్లి టీవీ పెట్టుకుంది. కాసేపటికి నేను లేచి వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఆమె ఇన్నేళ్లుగా తన మీద వేసుకున్న నింద దిగుతుంది. అది ఆమెకు రావాల్సింది. కానీ దాంతోపాటు, తను ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టిన ఈ మనిషి ఏం చేసిందో కూడా తెలుస్తుంది. అది ఆమె తట్టుకోలేదని చెప్పలేదా, నేను తట్టుకోలేనని చెప్పలేదా? ఒకప్పుడు ఆ పిల్ల ఉండలేదని నేనే తేల్చాను. ఇప్పుడు ఈ తల్లి తట్టుకోలేదని నేనే తేలుస్తున్నానా? మళ్లీ వెళ్తానో లేదో తెలియదు. వెళ్తానని మీకు మాట ఇవ్వను. నా మాటకు ఏం విలువ ఉందో మీకిప్పుడు తెలుసు.

మీరు క్షమించాలని ఇదంతా రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ రోజు వరండాలో అబద్ధం అన్నాను, అనాల్సిన నిజం ఇంతవరకు ఒక్కసారి కూడా ఎక్కడా అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇక్కడ అంటున్నాను. ఐదో తరగతి అయ్యేనాటికి సహస్ర నేను లేకుండా బడిలో ఉండగలిగేది. అది నాకు తెలుసు. నాకు తెలిసే, ఉండలేదని చెప్పాను.

రాసేశాను. చెయ్యి గుంజుతోంది. కాసేపు పడుకుంటాను.