ఆఖరి బండి

తాతాజీ పాత జావా మోటారుసైకిలుని చంటిపిల్లాడికి నీళ్ళు పోసినట్టు కడుగుతాడు. ఊచల సందుల్లో వేలు పెట్టి మరీ తుడుస్తాడు. పూర్వం పెద్దలు కొత్తపేట నుంచి అమలాపురానికి తోలిన పందాన్ని, ఆ పాతబళ్ళు దాచుకున్నవాళ్ళు ఏటా మళ్ళీ తోలుతారు. అప్పుడు ఎవరి బండి ఏ వరసలో చేరిందో ఇప్పుడూ అదే వరసలో చేరాలి, దారిలో ఆగిపోయిన బండిని మాత్రం దాటొచ్చు. తాతాజీ నాన్నగారు ఆనాడు ఆఖరున చేరారు. అందుకని బండి ఎంత ఉరకలేసినా తాతాజీ ఏటా ఆఖరే.

ఈసారి కాలవగట్టు మీద, ముందెళ్తున్న బుల్లబ్బాయి బండి ఆగిపోయింది. తాతాజీ వెనక కూర్చున్న భార్య కనకరత్నం అతని వీపు మీద పొడిచింది. "దాటేసి పోనివ్వండి! ఏటేటా ఆఖరంటే మా వదినలు ఒకటే నవ్వడం." తాతాజీ బండి దిగాడు. బుల్లబ్బాయి బండి ప్లగ్గు విప్పి, మసి గోకి, బిగించి, అతన్ని ముందు సాగనంపాడు. "దాటేస్తే ఆఖరి చోటు బుల్లబ్బాయిదైపోదూ? అది మా నాన్నగారిదే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. కనకరత్నం కొంగు దోపుకుని మళ్ళీ వెనకెక్కింది. "అయితే మెల్లగానే పోనివ్వండి. మావయ్యగారు కూడా కాలవ చూసుకుంటూనే వచ్చుంటారు."