ఎత్తిపోతల చప్పుడు

ఎనభైల చివర్లో, దసరా సెలవుల్లో మిర్యాలగూడ నుంచి జీపు కిరాయికి తీసుకుని ఎత్తిపోతల జలపాతానికి వెళ్లిన రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సాగర్ దాటాక గుట్టల దారంతా పచ్చగా ఉంది. నెమళ్లు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాయి. అమ్మ మాత్రం ఒళ్లో కోడిని, కాళ్ల మధ్య బియ్యం గిన్నెను పట్టుకుని కూర్చుంది. మా వైపు షికారంటే అక్కడికి పోయి వండుకుని తినడమే.

దిగగానే నాన్న, బాబాయిలు, పిల్లలం జలపాతం దగ్గరికి పరుగెత్తాం. అమ్మ మూడు రాళ్లతో పొయ్యి పెట్టి, కోతుల్ని తోలుకుంటూ కూర వండింది. మేం తిన్నాక గిన్నెలు తోమింది.

"నేను గూడ జర సూసొస్త," అంది.

నాన్న అప్పటికే జీపెక్కాడు. "ఏముంటది గాడ, నీళ్లే గదా. పొద్దుగూకుతున్నది, ఎక్కు."

నాలుగడుగులు వేస్తే కనిపించేది. కడుపునిండా కూర తిన్న నోళ్లలో ఒక్కటీ లేవలేదు. నాదీ లేవలేదు. అమ్మ గిన్నెలు సర్దుకుని జీపెక్కింది.

మర్నాడు జలపాతం ఎట్లుందని పక్కింటావిడ అడిగింది.

"సప్పుడు మంచిగున్నది," అంది అమ్మ, బట్టలు ఆరేస్తూ.