ఉస్తాద్ బిడ్డకు మొదటి ఆప్షన్

నా అభిప్రాయాల వల్ల ఇప్పటిదాకా పోయినవి ఇవి. తొమ్మిదిసార్లు హోటల్లో అందరికీ ఇప్పించిన చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఇంటి నుంచి పని చేసే పద్ధతి ఇక ఎప్పటికీ పోదని నమ్మి కొన్న ఒక తిరిగే కుర్చీ. మా ఆవిడ దగ్గర అంతకుముందు నాకున్న కాస్త పరపతి. నన్ను చూడగానే హోటల్ సేఠ్ గల్లా వెనక నుంచి లేచి నిలబడే అలవాటు. కుర్చీ పూర్తిగా పోయిందని అనలేను. ఆఫీసువాళ్లు మళ్లీ రమ్మన్నాక దాని మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు కూర్చుంటున్నాయి. అవి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాయని మా ఆవిడ అంటుంది.

ఆ తొమ్మిది చాయ్‌ల సంగతి చెప్పాలి. యాకుత్‌పురా స్టేషన్‌కు కాస్త ఇవతల ఒక చిన్న హోటల్ ఉంది. ఆదివారం పొద్దున నేను అక్కడికి వెళ్తాను. మా గల్లీలోనే మగ్గం వర్క్ కార్ఖానా నడిపే ఉస్తాద్ వస్తాడు. చీరలకు, జాకెట్లకు జరీ పూలు కుట్టించడం ఆయన పని. పేపరు ఆయన తెస్తాడు, కళ్లజోడు నేను తెస్తాను. ఒకసారి ఏదో వార్త మీద మాట పెరిగి, "పందెం కడతావా ఉస్తాద్?" అన్నాను. ఆయన రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తౌబా తౌబా! పందెం హరామ్ భాయ్. దావత్ అను. ఎవని మాట తప్పితే వాడు ఖుషీగా అందరికీ చాయ్ తాగిస్తడు. గట్లయితే సవాబ్, పుణ్యం గూడ వస్తది."

ఓడినవాడు డబ్బులివ్వడం ఎక్కడైనా ఉంది. ఖుషీగా ఇవ్వాలన్న నిబంధన మాత్రం మా హోటల్లోనే చూశాను. ముఖం చిన్నబుచ్చుకుంటే దావత్ చెల్లదు, మళ్లీ ఇవ్వాలి.

గాజుల దుకాణాల్లో ఫోనుతో డబ్బు కట్టడం సాగదని మొదట అన్నాను. బేరం చివర్లో నోటు వెనక్కి లాక్కోకపోతే అది బేరమే కాదు కదా అని నా తర్కం. ఇప్పుడు నిమ్మకాయల బండి మీద కూడా డబ్బు ముట్టిందని అరిచే డబ్బా ఉంది. వారానికి ఇన్ని గంటలు పని చెయ్యాలని ఒక పెద్దమనిషి అంటే, వారంలో అందరూ మరిచిపోతారన్నాను. కొన్నాళ్లకొకసారి ఇంకో పెద్దమనిషి ఇంకొన్ని గంటలు కలిపి మళ్లీ అంటూనే ఉన్నాడు. బొమ్మలు గీసే ఏఐ మగ్గం డిజైన్ మాత్రం గియ్యలేదని గట్టిగా చెప్పాను. నెల తిరక్కుండా ఉస్తాద్ తన ఫోనులో ఒక నెమలిని చూపించాడు.

"దీనికి మూడు కాళ్లున్నాయి కదా. తప్పేగా?" అన్నాను ఆశగా.

"ఒక కాలు నేను తీసేసిన భాయ్. గిరాకీకి మస్తు నచ్చింది. చాయ్ చెప్పు."

నేను చెప్పినవి నాలుగు నిజమయ్యాయి కూడా. అవేమిటో హోటల్లో ఎవరికీ గుర్తు లేదు.

నిజానికి ఈ పరిశ్రమ గురించి నన్ను అడగడంలోనే పొరపాటుంది. నేను చదివింది బీకాం. గల్లీ చివర టైపు ఇన్‌స్టిట్యూట్లో వేళ్లు తిరిగాక, పాత పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుని కంప్యూటర్ నేర్చుకున్నాను. ఊరికి ఆ చివరనున్న ఒక కంపెనీలో బిల్లులు సరిగ్గా వస్తున్నాయో లేదో పరీక్షిస్తాను. కూడికలో తేడా కనిపిస్తే రాసి పంపిస్తాను. ఆఫీసులో నన్ను లెక్కల మనిషి అంటారు. పాతబస్తీలో మాత్రం సాఫ్ట్‌వేర్ అంటే నేనే. సముద్రాల అవతల ఏదో కంపెనీ మనుషుల్ని తీసేసిందని పేపర్లో పడితే, హోటల్లో తలలన్నీ నా వైపు తిరుగుతాయి. తీసేసింది నేనే అన్నట్టు సగంమంది, పోయింది నేనే అన్నట్టు మిగతా సగంమంది చూస్తారు. ఆ రెండో రకంవాళ్లు నా బిస్కెట్ల డబ్బులు వాళ్లే ఇచ్చేస్తామంటారు.

ఇలా సాగుతున్న రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం ఉస్తాద్ మా ఇంటికి వచ్చాడు. వెంట ఆయన కూతురు. ఆ అమ్మాయి ఇంటర్ పాసై ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంది. వాళ్ల ఇంట్లో ఇంజినీరింగ్ దాకా వచ్చిన మొదటి మనిషి. కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టే గడువు సోమవారంతో సరి. వాళ్లకు నచ్చిన కాలేజీలో ఆ ర్యాంకుకు కంప్యూటర్స్ వచ్చేలా ఉంది, ఎలక్ట్రానిక్స్ కూడా వచ్చేలా ఉంది. ఏది ముందు పెడితే అది ఖాయం. తర్వాత మార్చుకుందామంటే కుదరదు.

"ఒక దిక్కు ఉద్యోగాలు పోతున్నయంటరు. ఇంకో దిక్కు చిప్పుల ఫ్యాక్టరీలొస్తున్నయంటరు. ఏఐ వచ్చినంక కోడ్ రాసేటోళ్లు ఎందుకంటడు ఒకడు. ఏఐ చెయ్యనీకే కోడ్ రాసేటోళ్లు కావాలంటడు ఇంకొకడు. నాకైతే దిమాగ్ ఖరాబవుతుంది భాయ్. నీ ఒక్క మాట చెప్పు. నువ్వేదంటే అదే పెడ్తం," అన్నాడు ఉస్తాద్.

హోటల్లో అడిగి ఉంటే చాయ్ చల్లారేలోపు చెప్పేసేవాణ్ణి. ఆ అమ్మాయి మా ఇంట్లో, ఇస్త్రీ బట్టలు పక్కకు జరిపి ఆ తిరిగే కుర్చీలో కూర్చుని, నా నోటి వైపే చూస్తోంది. నాలుగేళ్ల చదువు, ఆ తర్వాత బతుకంతా. ఇది తప్పితే చాయ్‌తో తీరేది కాదు. ఒక గంట టైమివ్వమన్నాను.

నాకు చేతనైంది పట్టిక. ల్యాప్‌టాప్ తెరిచి రెండు బ్రాంచీలకూ గడులు గీశాను. ఉద్యోగాలకు ఇన్ని మార్కులు, జీతానికి ఇన్ని, ఏఐ భయానికి ఇన్ని తీసివేత. ఏఐ భయానికి తక్కువ వేస్తే కంప్యూటర్స్ గెలిచింది, ఎక్కువ వేస్తే ఎలక్ట్రానిక్స్ గెలిచింది. సరిగ్గా ఎంత వెయ్యాలో పేపర్లో రాసేవాళ్లకే తెలియదు, నాకెలా తెలుస్తుంది? అనుమానం తీరక ఆ ఏఐనే అడిగాను. రెండు బ్రాంచీలూ మంచివేననీ, నా ఆసక్తిని బట్టి నిర్ణయించుకోమనీ చాలా మర్యాదగా చెప్పింది. మా మేనేజరు స్థానానికి ముప్పు ఉందని ఆ క్షణంలో నమ్మకం కుదిరింది.

చివరికి కంప్యూటర్స్ మూడు మార్కులు ఎక్కువ అని తేల్చాను. చూపించాను. అమ్మాయి స్క్రీన్ దగ్గరికి జరిగి కాసేపు చదివింది.

"చాచా, ఏఐ భయానికి ముందు పది వేసి, తర్వాత ఆరు చేసిన్రు కదా?"

"ఎలా తెలిసింది?"

"మీరు గీసేటప్పుడు ఎన్క నుంచి చూసిన. ఏది గెలవాలో ముందే అనుకుని మార్కులేస్తే, గది లెక్కెట్లయితది చాచా?"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఇరవై ఏళ్లుగా తాను చెబుతున్నది ఇదేనని అక్కణ్ణుంచే అంది.

ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అన్నాడు: "మా కార్ఖానాకు పెళ్లివాళ్లొస్తరు. ఈ డిజైన్ మంచిదా, ఆ డిజైన్ మంచిదా అని నన్నడుగుతరు. నేను ఎన్నడు నోరు తెరవ. తెరిస్తే, రేపు పెళ్లయినంక నా పీక పట్టుకుంటరు. ఒక పాత గుడ్డ పీలిక మీద దీనిది ఇంత, దానిది ఇంత కుట్టి చేతుల పెడ్త. పిల్ల ఒంటికి ఆనిచ్చుకుని చూసుకుంటది. గిది గూడ గట్లనే జేద్దాం. రేపు ఆదివారమే కదా."

ఆ పీలిక పద్ధతి ఇలా సాగింది. ఆదివారం పొద్దున అమ్మాయి బహదూర్‌పురాలో తన మేనమామ నడిపే ఫోన్ల రిపేరు షాపులో కూర్చుంది. మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో నా పక్కన. నేను పరీక్షించే బిల్లుల వంటివే కొన్ని నేనే తయారు చేసి, వాటిలో తప్పులు దాచి పెట్టాను. తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలో, దొరికాక ఎవరికి ఏం రాయాలో చూపించాను. నా పని ఇంత బాగుంటుందని అంతకుముందు నాకూ తెలియదు. ఆ రోజు కాస్త ఉత్సాహంగానే చెప్పాను. షరబత్ ఇప్పించాను. మేనమామ షాపులో ఫ్యాను కూడా సరిగ్గా తిరగదని మాటల్లో ఒకసారి అన్నాను. రెండుసార్లు అన్నానని మా ఆవిడ అంటుంది.

అమ్మాయి చురుకైంది. దాచిన తప్పులన్నీ సాయంత్రానికి బయటికి లాగింది. నాకు లోపల పండగ. అప్పుడే ఉస్తాద్ వచ్చి తలుపు దగ్గర చెప్పులు విడిచాడు.

"ఏం బేటీ, ఏ పీలిక నచ్చింది?"

ఆమె నా వైపు చూసి కొంచెం ఇబ్బంది పడింది. "చాచా పని మంచిగనే ఉంది అబ్బాజాన్. కానీ చాచాకు తప్పు దొరికితే ఎవరికో మెయిల్ రాస్తడు. వాళ్లు ఇంకెవరికో పంపుతరు. అది ఎప్పుడు బాగయితదో చాచాకు గూడ తెల్వదు. మామూ దగ్గర పొద్దుగాల ఒక ఫోన్ పని చెయ్యలే. విప్పినం, చూసినం, ఒక్క తీగ అతికించినం. వెలిగింది. ఆ ఫోన్ తెచ్చిన ముసలామె అక్కణ్ణే నిలబడి వాళ్ల బిడ్డకు ఫోన్ చేసింది."

నాకు కాస్త గుచ్చుకుంది, దాచుకోవడం ఎందుకు. నేను పంపిన మెయిళ్లలో ఎన్ని చివరిదాకా చేరాయో నేను ఎప్పుడూ లెక్క పెట్టలేదు. పెట్టదలచుకోలేదు కూడా.

ఉస్తాద్ ముఖంలో భయం పోలేదు. "ఎలక్ట్రానిక్స్‌ల ఉద్యోగం రాకుంటే? నేనింత ఖర్చు పెట్టినంక అది గూడ రిపేర్ షాపుల కూసోవాలెనా?" అని నా మీదికి తిరిగాడు. "భాయ్, ఆఖరి మాట నువ్వే చెప్పు. నీ దిల్‌కు ఏదనిపిస్తుంది?"

"నిజం చెప్పమంటవా ఉస్తాద్? నా లెక్కల ఇంకా కంప్యూటర్సే వస్తుంది."

"ఇప్పటిదాంక నీ మాటలు ఎన్ని తప్పినయి?"

"తొమ్మిది."

ఉస్తాద్ ముఖం మెల్లగా విచ్చుకుంది. ఆయన అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం ఆ రెండు రోజుల్లో అదే మొదటిసారి.

"పెట్టు బేటీ," అన్నాడు. "ఎలక్ట్రానిక్స్ పెట్టు. చాచా కంప్యూటర్స్ అన్నడంటే ఇగ ఫికర్ లేదు."

మా ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. నా మాట వల్ల ఒక మనిషికి అంత ధైర్యం రావడం నేనెప్పుడూ చూడలేదు. అది ఏ దారిన వచ్చిందన్నది వేరే సంగతి. ఆ కుర్చీలోనే కూర్చుని ఆమె ఎలక్ట్రానిక్స్ మొదటి ఆప్షన్‌గా పెట్టింది. నొక్కబోయే ముందు వేలు ఒక్క క్షణం ఆగింది. తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు. నొక్కింది.

సీటు వచ్చింది, అడిగిన కాలేజీలోనే. మరుసటి ఆదివారం హోటల్లో పెద్ద చర్చ నడిచింది, నా మాట తప్పినట్టా కాదా అని. అమ్మాయి చదువు ముగిసి ఉద్యోగం వచ్చేదాకా తేల్చడానికి వీల్లేదని సేఠ్ తీర్పు చెప్పాడు. ఆ రోజు చాయ్ ఆయనే ఇప్పించాడు. నాకు గుర్తున్న చరిత్రలో ఆయన ఇప్పించింది అదొక్కటే.

నేను అంతటితో వదిలేసి ఉంటే బాగుండేది. సీటు వచ్చిన సంబరంలో ఉస్తాద్ చెయ్యి పట్టుకుని, "లెక్కల్ల ఏ డౌటొచ్చినా నా దగ్గరకు పంపు, నేనున్న," అనేశాను. లెక్కలంటే నాకు భయం ఏముంది అనుకున్నాను. కాలేజీ తెరిచిన పదిహేను రోజులకే ఆమె పుస్తకంతో వచ్చింది.

"చాచా, మైనస్ ఒకటికి వర్గమూలం ఉందనుకోండి."

నేను జీవితమంతా బిల్లులో చోటుకాని చోట మైనస్ గుర్తు కనబడితే పట్టుకుని తప్పు అని రాసి పంపినవాణ్ణి. దానికి మూలం కూడానా? "లేనిదాన్ని ఉందని ఎంతసేపు అనుకోవాలి?" అని అడిగాను.

"నాలుగేండ్లు," అంది.

కరెంటు లెక్కలన్నిటికీ అదే ఆధారమట. ఇప్పుడు నేను ఆఫీసు బస్సులో ఆమె పుస్తకం నకలు పట్టుకుని కూర్చుంటున్నాను. పక్కన కూర్చునే కుర్రాడు ఏఐని అడిగితే క్షణంలో చెబుతుంది కదా సార్ అంటాడు. అడిగాను. చెప్పింది. జవాబు వచ్చింది కానీ నాకు రాలేదు. నాకు రానిదాన్ని ఆమెకు అప్పగించలేను, అలాంటివి తీసుకోనని ఆమె ముందే చెప్పింది. కొన్నిటికి దావత్ ఇచ్చేస్తాను, వదిలెయ్ అన్నాను. "చాయ్ వద్దు చాచా, జవాబే కావాలె," అంది. సగం దాకా చేసి ఆగిపోయినవాటిని కూడా ఆమె పూర్తి బాకీ కిందే రాసుకుంటోంది.

నెలనెలా ఒకటో రెండో తీరుస్తున్నాను. ఆమె మూడో నాలుగో తెస్తోంది. నిన్న సాయంత్రానికి నేను ఆ అమ్మాయికి బాకీ ఉన్న జవాబులు పదకొండు.